యంత్రాల చదువు – మన చదువు

ఒకప్పుడు ఏ చేతివిద్య అయినా ఒకసారి పట్టుబడితే చాలు, దానితో జీవితమంతా గడిచిపోయేది. తండ్రి దగ్గర నేర్చుకున్న పనితనం కొడుక్కి, కొడుకు నుంచి మనుమడికి అందేది. పనిముట్లు మారినా చాలా నెమ్మదిగా మారేవి. ఈనాడు కొన్ని విద్యల పరిస్థితి అలా లేదు. ఇవాళ నేర్చుకున్న పద్ధతి నాలుగైదేళ్ళు తిరిగేసరికి పాతబడుతోంది. దాని స్థానంలో మరొకటి వస్తోంది. ఇలా వేగంగా మారిపోతున్న విద్యల్లో ముందు చెప్పుకోవలసింది యంత్రాలకు నేర్పే విద్య. ఇంగ్లీషులో దీన్ని 'మెషిన్ లెర్నింగ్' అంటారు. మనం 'యంత్రాభ్యసనం' అందాం.

ఆ వేగం ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. యంత్రాభ్యసనం మీద పనిచేసే శాస్త్రజ్ఞులు ఏటా 'న్యూరిప్స్' అనే సమావేశం జరుపుకుంటారు. 2023లో ఆ ఒక్క సమావేశానికే 12,000కు పైగా పరిశోధన వ్యాసాలు వచ్చాయి. వాటిలోంచి ఎంపికైనవే 3,000కు పైగా ఉన్నాయి. రోజుకు ఒక వ్యాసం చొప్పున చదివినా, ఎంపికైన వాటిని ముగించడానికి ఎనిమిదేళ్ళు దాటుతుంది. ఇంతలో మరి ఎనిమిది సమావేశాలు జరిగిపోతాయి!

మరి ఈ విద్యలో ఉన్నవాళ్ళు కొత్త పద్ధతులను ఎలా అందుకుంటున్నారు? అన్నీ చదవడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా వెనుకబడకుండా నిలిచినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అన్నిటి వెంటా పరుగెత్తరు. ప్రతి కొత్త పద్ధతికీ ఒక పాత చిక్కు మూలంగా ఉంటుందని వాళ్ళకు తెలుసు. ఆ చిక్కు అర్థమైతే కొత్త పద్ధతి సగం అర్థమైనట్లే. ఈ మాట ఎంతవరకు నిజమో తెలియాలంటే, ముందు యంత్రం ఎలా నేర్చుకుంటుందో చూడాలి.

కంప్యూటరుకు పని చెప్పడానికి రెండు దారులున్నాయి. మొదటిది నియమాలు రాసి ఇవ్వడం. జీతాల లెక్క, పరీక్ష మార్కుల లెక్క ఇలా చేయించవచ్చు. కాని చేతిరాతలో 'ప', 'వ', 'మ' అక్షరాలను గుర్తుపట్టే నియమం రాయమంటే ఎవరు రాయగలరు? ఒకరు రాసినట్లు మరొకరు రాయరు. ఒకరే రెండుసార్లు రాసినా ఒకేలా ఉండదు. ఇలాంటి చోట రెండో దారి పట్టాలి. నియమం చెప్పకుండా ఉదాహరణలు చూపాలి. నియమాన్ని యంత్రమే వెతుక్కోవాలి. 1959లో ఐ.బి.యం. సంస్థకు చెందిన ఆర్థర్ శామ్యూల్, ఆడినకొద్దీ ఆట మెరుగుపరచుకునే కంప్యూటరు గురించి రాసిన వ్యాసంలో ఈ పనికి 'మెషిన్ లెర్నింగ్' అనే పేరు వాడాడు.

యంత్రం నియమాన్ని ఎలా వెతుక్కుంటుందో మనకు తెలిసిన లెక్కతో చూద్దాం. పూలకొట్టులో మల్లెపూలు మూరల లెక్కన అమ్ముతారు కదా! మూర ధర 20 రూపాయలు అనుకోండి. ఈ ధరను యంత్రానికి చెప్పం. ఎన్ని మూరలకు ఎంత డబ్బు ఇచ్చారో మాత్రం చూపుతాం. ఏమీ తెలియని యంత్రం మొదట ఏదో ఒక అంకె వేసుకుంటుంది. మూర ధర 10 రూపాయలని ఊహించిందనుకుందాం.

మొదటి ఉదాహరణలో 2 మూరలకు 40 రూపాయలు ఇచ్చారు. యంత్రం ఊహ ప్రకారం 20 రూపాయలే. తేడా 20. ఇప్పుడు యంత్రానికి ఒక్క నియమం ఇస్తాం: 'తేడాను మూరల సంఖ్యతో గుణించు. వచ్చినదానిలో పదోవంతు నీ అంకెకు కలుపుకో.' 20ని 2తో గుణిస్తే 40. అందులో పదోవంతు 4. యంత్రం అంకె 10 నుంచి 14కు పెరిగింది. రెండో ఉదాహరణలో 3 మూరలకు 60 రూపాయలు ఇచ్చారు. యంత్రం 42 అంటుంది. తేడా 18. దాన్ని 3తో గుణిస్తే 54. పదోవంతు 5 రూపాయల 40 పైసలు. ఇప్పుడు అంకె 19 రూపాయల 40 పైసలు అయింది. మూడోసారి మళ్ళీ 2 మూరలు. యంత్రం 38 రూపాయల 80 పైసలు అంటుంది. తేడా 1 రూపాయి 20 పైసలే. దిద్దుకున్న తరువాత అంకె 19 రూపాయల 64 పైసలు. ఇలా కొనసాగితే 20కి మరింత దగ్గరవుతుంది. మూర ధర ఎంతో ఎవరూ చెప్పలేదు. యంత్రం తప్పులను దిద్దుకుంటూ తెలుసుకుంది.

ఇంతే! ఊహించడం, తప్పును కొలవడం, కొద్దిగా దిద్దుకోవడం. ఈనాటి పెద్ద పెద్ద యంత్రాల చదువుకు కూడా ఆధారం ఇదే. తేడా ఎక్కడుందంటే, మన యంత్రంలో దిద్దుకోవలసిన అంకె ఒక్కటే. 2020లో వచ్చిన 'జి.పి.టి.-3' అనే భాషా యంత్రంలో అలాంటి అంకెలు 17,500 కోట్లు.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి. పదోవంతే ఎందుకు కలపాలి? సగం కలిపితే ఇంకా త్వరగా చేరుకోదా? లెక్క చేసి చూడండి. మొదటి ఉదాహరణలో 40కి సగం 20. అంకె ఒక్కసారిగా 10 నుంచి 30కి ఎగురుతుంది. రెండో ఉదాహరణలో యంత్రం 90 అంటుంది. అసలు ధరకంటే 30 ఎక్కువ. 30ని 3తో గుణిస్తే 90. దానిలో సగం 45. 30లోంచి 45 తీసివేస్తే మూర ధర సున్నాకంటే 15 రూపాయలు తక్కువ! మూడోసారి మళ్ళీ 2 మూరలతో దిద్దుకున్నా 20కి ఏమాత్రం దగ్గరకాదు. తొందరపడితే చదువు రాదు సరికదా, ఉన్నది పోతుంది. మరీ చిన్న అడుగు వేస్తే గమ్యం చేరడానికి ఎంతో కాలం పడుతుంది.

అడుగు ఎంత ఉండాలి? ఈ చిక్కు ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. 2014లో కింగ్మా, బా అనే ఇద్దరు పరిశోధకులు 'ఆడమ్' అనే పద్ధతిని ప్రకటించారు. ప్రతి అంకెకూ వెనుక జరిగిన దిద్దుబాట్లను గమనిస్తూ, దాని అడుగును దానికి తగినట్లు సరిచేయడం ఇందులోని కీలకం. యంత్రాభ్యసనం చేసేవాళ్ళలో ఈ పేరు వినని వాళ్ళు ఉండరు. పేరు మాత్రమే విన్నవాడికి అది మరొక కొత్త పద్ధతి. పూలకొట్టు లెక్కలో సగం కలిపి దెబ్బతిన్నవాడికి మాత్రం ఆ పద్ధతి ఎందుకు పుట్టిందో వెంటనే తెలుస్తుంది.

ఇక రెండో చిక్కు. అంకె ఒకటే అయితే తప్పు ఎవరిదో వెతకనక్కరలేదు. కోట్ల అంకెలు వరుసలు వరుసలుగా ఉన్నప్పుడు ఏ అంకెవల్ల ఎంత తప్పు జరిగింది? పెళ్ళివంటలో సాంబారు ఉప్పగా ఉంటే వడ్డించినవాడిని తిట్టి లాభం లేదు. వడ్డన నుంచి వంటకు, వంట నుంచి సంబారాలు కొలిచినవాడి దాకా వెనక్కి వెళ్ళి విచారించాలి. యంత్రంలో కూడా తప్పును చివరి వరుస నుంచి మొదటి వరుస దాకా వెనక్కి పంచుకుంటూ రావాలి.

ఈ సంగతి తెలియడానికి చాలాకాలం పట్టింది. 1958లో అమెరికాలో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ 'పెర్సెప్ట్రాన్' అనే పద్ధతిని ప్రదర్శించాడు. గుర్తు ఎడమవైపు ఉన్న అట్టలను, కుడివైపు ఉన్న అట్టలను వేరుచేయడం 50 ప్రయత్నాల్లో ఆ యంత్రం నేర్చుకుంది. ఇలాంటి యంత్రం ముందుముందు నడుస్తుందనీ, మాట్లాడుతుందనీ, రాస్తుందనీ పత్రికలు రాశాయి. 1969లో మార్విన్ మిన్‌స్కీ, సేమూర్ పేపర్ట్ తమ పుస్తకంలో, ఒకే వరుస ఉన్న యంత్రం కొన్ని తేలిక లెక్కలు కూడా చేయలేదని గణితం ద్వారా నిరూపించారు. దానితో చాలామందికి ఆశ తగ్గిపోయింది. తప్పును వెనక్కి పంచే ఆలోచన 1970ల్లోనే ఉన్నా, దాన్ని లోకానికి గట్టిగా చూపినది 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అనే ముగ్గురు ప్రకటించిన వ్యాసం. పత్రికలు పొగిడిన రోజున అందరూ చేరారు. పొగడ్తలు ఆగిన రోజున కొద్దిమందే మిగిలారు. దారి చూపినవాళ్ళు ఆ కొద్దిమందిలోనివాళ్ళు.

మూడో చిక్కు మీకు బాగా పరిచయమైనదే. పాఠం అర్థం చేసుకోకుండా బట్టీపట్టిన విద్యార్థి, పుస్తకంలోని ప్రశ్నకు జవాబు రాస్తాడు. ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే తెల్లమొహం వేస్తాడు. యంత్రం కూడా ఇలాగే చూపిన ఉదాహరణలను బట్టీపడుతుంది. కాబట్టి యంత్రానికి చూపని ఉదాహరణలతో పరీక్ష పెట్టాలి. చేతిరాత అంకెలను గుర్తించే పనికి 'ఎమ్నిస్ట్' అనే ప్రసిద్ధమైన బొమ్మల సంపుటి ఉంది. అందులో 60,000 బొమ్మలు నేర్పడానికి, వేరుగా 10,000 బొమ్మలు పరీక్షకు కేటాయించారు. ఈ రెండిటినీ కలిపివేస్తే ఎంత గొప్ప ఫలితం వచ్చినా అది కాపీ కొట్టి తెచ్చుకున్న మార్కుతో సమానం.

బట్టీని తగ్గించడానికి 2012లో హింటన్, ఆయన శిష్యులు 'డ్రాపవుట్' అనే ఉపాయం చెప్పారు. నేర్పే సమయంలో ప్రతిసారీ యంత్రంలోని కొన్ని కణాలను యాదృచ్ఛికంగా పని నుంచి తప్పిస్తారు. జట్టులో ఎప్పుడూ ఒకరే లెక్క చేస్తుంటే మిగిలినవాళ్ళు చూసి రాసుకుంటారు. రోజుకొకరు రాకుండాపోతే అందరూ నేర్చుకోక తప్పదు. ఉపాయం ఇంత చిన్నది. కాని చిక్కు పెద్దది కాబట్టి దానికి పేరు వచ్చింది.

అదే సంవత్సరం ఈ విద్య చరిత్రలో ఒక మలుపు వచ్చింది. 'ఇమేజ్‌నెట్' అనే పోటీలో బొమ్మను చూసి అందులో ఏముందో యంత్రం చెప్పాలి. 1,000 రకాల వస్తువులు, జంతువులు ఉంటాయి. నేర్పడానికి దాదాపు 12 లక్షల బొమ్మలు ఇస్తారు. ఒక్కొక్క బొమ్మకు ఐదు ఊహలు చెప్పవచ్చు. 2012 పోటీలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కెవర్, హింటన్ తయారుచేసిన 'అలెక్స్‌నెట్' నూటికి 15 బొమ్మల దగ్గర మాత్రమే తప్పింది. రెండో స్థానంలో వచ్చిన పద్ధతి నూటికి 26 తప్పులు చేసింది. ఏటా కొద్దికొద్దిగా మెరుగుపడే పోటీలో ఇంత తేడా రావడం అందరినీ ఆశ్చర్యపరిచింది.

ఇందులో కొత్త ఏమిటి? తప్పును వెనక్కి పంచే పద్ధతి 1986 నాటిది. బొమ్మను చిన్న చిన్న ముక్కలుగా పరిశీలించే పద్ధతిని యాన్ లెకూన్, ఆయన సహచరులు 1989లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, ఉత్తరాలమీది పిన్‌కోడ్ లాంటి అంకెలను చదవడానికి వాడారు. ఆ పాత పద్ధతులకు కావలసినన్ని ఉదాహరణలు ఇప్పుడు దొరికాయి. కంప్యూటరు ఆటల బొమ్మలను వేగంగా చూపడానికి చేసిన చిప్పులు లెక్కలను వేగంగా చేశాయి. డ్రాపవుట్ వంటి ఉపాయాలు తోడయ్యాయి. నేల ఎండినప్పుడు మొలవని విత్తనం తొలకరి పడగానే మొలిచినట్లు, పాత ఆలోచన తన కాలం రాగానే పైకి వచ్చింది. విత్తనాన్ని దాచుకున్నవాళ్ళకే పంట దక్కింది. లెకూన్, హింటన్, యోషువా బెంజియో అనే ముగ్గురికి 2018 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం వచ్చింది. హింటన్ 2024లో జాన్ హాప్‌ఫీల్డ్‌తో కలిసి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

ఈ ట్యూరింగ్ పురస్కారం కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైనది. దాన్ని అందుకున్న మొదటి ఆసియావాసి మన తెలుగువాడు. పేరు రాజ్ రెడ్డి. 1937లో చిత్తూరు ప్రాంతంలోని కాటూరులో పుట్టాడు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివాడు. తరువాత ఆస్ట్రేలియాలోను, అమెరికాలోను ఉన్నతవిద్య అభ్యసించాడు. 1969 నుంచి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో, మనిషి మాటను కంప్యూటరుకు అర్థమయ్యేలా చేయడంమీద పనిచేశాడు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆ పురస్కారం పొందాడు.

కొత్త పద్ధతులను అందుకోవడం గురించి ఆయన ప్రయోగశాల మనకొక మంచి పాఠం చెబుతుంది. ధ్వనుల గురించి, వ్యాకరణం గురించి పండితులకు తెలిసిన విషయాలను కంప్యూటరుకు నియమాలుగా ఇవ్వడం ఆ కాలంలో ఎక్కువమంది నమ్మిన దారి. ఆయన శిష్యుడు కై-ఫు లీ వేరే దారి పట్టాడు. ఏ ధ్వని తరువాత ఏ ధ్వని వచ్చే అవకాశం ఎంతో ఉదాహరణలనుంచి యంత్రమే లెక్కకట్టుకోవాలన్నాడు. ఆ దారి గురువు నమ్మిన దారి కాదు. అయినా ఆయన శిష్యుణ్ణి ఆపలేదు. పని కొనసాగించడానికి సహకరించాడు. 1988 నాటికి తయారైన 'స్ఫింక్స్' అనే ఆ యంత్రం సుమారు 1,000 మాటల పరిధిలో, ఎవరు మాట్లాడినా, ఆగకుండా మాట్లాడినా గుర్తుపట్టగలిగింది. ఏ దారి మంచిదో వాదనతో తేల్చలేదు. పరీక్షతో తేల్చారు. తన పద్ధతిమీద ఉన్న ప్రేమకంటే ఫలితంమీద గౌరవం ఎక్కువగా ఉన్నవాడే కాలంతోపాటు నడవగలడు.

ఆ అవకాశాల లెక్కకు కూడా పాత వేరు ఉంది. 1913లో రష్యా గణితవేత్త ఆంద్రే మార్కోవ్, పుష్కిన్ కావ్యంలోని 20,000 అక్షరాలు తీసుకుని, అచ్చు తరువాత అచ్చు ఎన్నిసార్లు వచ్చిందో, హల్లు ఎన్నిసార్లు వచ్చిందో చేతితో లెక్కపెట్టాడు. ముందు వచ్చినదాన్నిబట్టి తరువాత రాబోయేదాన్ని ఊహించడం ఆ లెక్కలోని సారం. ఈనాటి భాషా యంత్రాలు చేసే పని కూడా ఇదే. అయితే అవి ఒక అక్షరం వెనక్కి చూసి ఊరుకోవు. ఎన్నో వాక్యాలు వెనక్కి చూస్తాయి.

అంత వెనక్కి ఎలా చూస్తాయి? ఈ రెండు వాక్యాలు గమనించండి: 'గిన్నెలో పాలు ఎంత?' 'ఆస్తిలో అతని పాలు ఎంత?' పాలు అనే మాట రెండిటిలోనూ ఉంది. అర్థాలు వేరు. మనం 'గిన్నె' వైపు చూసి ఒక అర్థం, 'ఆస్తి' వైపు చూసి మరొక అర్థం చెబుతాం. పాత యంత్రాలు వాక్యాన్ని మాట తరువాత మాటగా చదువుతూ పోయేవి. పొడుగు వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మసకబారేది. 2014లో బాదనావ్, చో, బెంజియో అనువాదం కోసం ఒక మార్గం చూపారు. ప్రతి మాట దగ్గరా, ఏ మాటవైపు ఎంత చూడాలో యంత్రమే నేర్చుకోవాలి. దీనికి 'అవధానం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. 2017లో ఆశిష్ వాస్వానీ, నీకీ పర్మార్ మొదలైన ఎనిమిదిమంది, మిగిలిన పాత ఏర్పాట్లను తగ్గించి ఈ అవధానాన్నే ప్రధానం చేసుకుని 'ట్రాన్స్‌ఫార్మర్' అనే నిర్మాణాన్ని ప్రకటించారు. 2022 నవంబరులో వచ్చిన 'చాట్ జి.పి.టి.'కి పునాది ఇదే.

మరొక చిన్న ఉదాహరణ చూడండి. 1994లో ఫిలిప్ గేజ్ అనే ఆయన కంప్యూటరులో సమాచారాన్ని కుదించడానికి ఒక ఉపాయం రాశాడు. పక్కపక్కన తరచుగా వచ్చే జంటను ఒకే గుర్తుగా మార్చడం, మళ్ళీ అలాగే చేస్తూపోవడం ఆ ఉపాయం. ఇరవై ఏళ్ళ తరువాత అనువాద పరిశోధకులు దాన్ని మాటలను ముక్కలు చేయడానికి వాడుకున్నారు. బడి, బడికి, బడిలో, బడినుంచి అనే మాటలను నాలుగు వేరువేరు మాటలుగా కాక, 'బడి' అనే ముక్కకు ప్రత్యయాలు చేరినట్లుగా యంత్రం చూడగలిగితే మేలు కదా! అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఏ ముక్క తరచుగా వస్తుందో యంత్రం చదివిన రాతలే నిర్ణయిస్తాయి. ఇంగ్లీషు రాతలు కొండంత, తెలుగు రాతలు గోరంత ఉన్నచోట ఇంగ్లీషు మాట ఒక ముక్కగా నిలుస్తుంది. తెలుగు మాట అక్షరాలుగా, అక్షరంకంటే చిన్న తునకలుగా కూడా విరిగిపోతుంది. ఈ సంగతి మళ్ళీ చెప్పుకుందాం.

కొత్తది రాగానే పాతదంతా పనికిరాకుండా పోతుందా? పోదు. 1997లో హోక్‌రైటర్, ష్మిడ్‌హుబర్ చెప్పిన 'ఎల్.ఎస్.టి.ఎం.' అనే పద్ధతి చాలాకాలం అనువాదంలో, మాటలను గుర్తించడంలో రాజ్యమేలింది. ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక చాలాచోట్ల దాని స్థానం పోయింది. 2001లో లియో బ్రైమన్ చెప్పిన 'రాండమ్ ఫారెస్ట్' అనే పద్ధతి మాత్రం, పట్టికల రూపంలో ఉన్న సమాచారానికి ఈనాటికీ చక్కగా పనికివస్తోంది. వడ్ల గింజ దంచడానికి రోకలి చాలు, కొండను తొలిచే యంత్రం అక్కరలేదు. ఏ పనికి ఏది చాలునో తెలియడం కూడా చదువే.

ఇప్పుడు మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవచ్చు. కొత్త పద్ధతి పేరు విన్నప్పుడు అనుభవజ్ఞులు నాలుగు ప్రశ్నలు వేస్తారు. ఇది ఏ చిక్కును విప్పడానికి పుట్టింది? దీనికి ముందు ఆ పని ఎలా చేసేవారు? యంత్రం చూడని ఉదాహరణలతో పరీక్షించారా, పాత పద్ధతితో సరిసమానమైన పోటీ పెట్టారా? దీన్ని చిన్న లెక్కగా మార్చి నేను స్వయంగా చేసి చూడగలనా? మొదటి మూడు ప్రశ్నలతోనే చాలా పేర్లు జల్లెడలో పొట్టులా ఎగిరిపోతాయి. మిగిలిన గింజలకు నాలుగో ప్రశ్న. పది వ్యాసాలు పైపైన తిరగవేయడంకంటే ఒక్కదాన్ని కాగితంమీద లెక్క చేసి చూడటం మేలు. పూలకొట్టు లెక్క మీరు కలంతో చేయగలిగారంటే, యంత్రాభ్యసనంలో మొదటి మెట్టు మీరు ఎక్కినట్లే. కూడికలు, గుణకారాలు, ఆ తరువాత బీజగణితం, సంభావ్యత, కలనగణితం – ఈ విద్యలో ఏ పద్ధతి వచ్చినా పాతబడని పనిముట్లు ఇవి. వీటిలో మొదటివి మీ గణిత వాచకంలోనే ఉన్నాయి.

ఇక మనం వాయిదా వేసిన సంగతికి వద్దాం. యంత్రం తనకు చూపినదాన్నే నేర్చుకుంటుంది. చూపనిదాన్ని నేర్చుకోలేదు. తెలుగులో రాతలే తక్కువ. ఉన్నవాటిలో ఎక్కువ భాగం పత్రికల భాష, పుస్తకాల భాష. మరి బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఇళ్ళలో వినిపించే తెలుగు మాట? పక్కభాషలతో తరతరాలుగా కలిసి బతికిన ఆ తెలుగుకు తనదైన పలుకు, తనవైన మాటలు ఉన్నాయి. అవి కాగితంమీదికి, రికార్డులోకి ఎక్కకపోతే, ఎంత కొత్త పద్ధతి వచ్చినా యంత్రానికి అవి ఉన్నట్లే తెలియదు.

ఇది గౌరవానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆసుపత్రిలో వైద్యుడు మరొక భాషలో చెప్పిన మాటను యంత్రం తెలుగులోకి మార్చి అవ్వకు వినిపిస్తోందనుకోండి. 'పరగడుపున వేసుకోవాలి' అనవలసిన చోట 'అన్నం తిన్నాక వేసుకోవాలి' అంటే ఏమవుతుంది? ఆ తప్పును ఎవరు పట్టుకోగలరు? రెండు భాషలూ తెలిసిన మనుమడు, మనుమరాలు పట్టుకోగలరు. బడిలో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడే మీరు దాన్ని భారమనుకోవచ్చు. కాని యంత్రం చేసిన అనువాదం సరో కాదో చెప్పడానికి కావలసిన అర్హత సరిగ్గా అదే.

ఈ దిశలో మన దేశంలో పని జరుగుతోంది. 2022లో కేంద్రప్రభుత్వం భారతీయ భాషల కోసం 'భాషిణి' అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. చెన్నైలోని ఐ.ఐ.టి.లో 'ఏఐ ఫర్ భారత్' అనే బృందం 2023లో, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల మధ్య అనువదించే యంత్రాన్ని అందరూ వాడుకునేలా విడుదల చేసింది. ఆ భాషల్లో తెలుగు ఒకటి. దాన్ని తయారుచేయడానికి కొత్త పద్ధతులు మాత్రమే సరిపోలేదు. అనువాదకులు కూర్చుని రాసిన వాక్యాలు కూడా కావలసివచ్చాయి. తప్పును కొలవాలంటే ఒప్పు ఏదో చెప్పే మనిషి ఉండాలి కదా!

కాబట్టి యంత్రాల చదువు సాగాలంటే మన చదువు సాగాలి. రేపు ట్రాన్స్‌ఫార్మర్‌కు కూడా వయసు మీరవచ్చు. ఈ పాఠంలోని పేర్లలో కొన్ని మీరు పెద్దవాళ్ళయ్యేనాటికి వినిపించకపోవచ్చు. ఊహించడం, తప్పును కొలవడం, దిద్దుకోవడం, చూడని ప్రశ్నతో పరీక్షించుకోవడం మాత్రం ఉంటాయి. ఈ సాయంత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళు వాడే మాటల్లో వాచకంలో కనిపించనివి ఒక పది విని, అర్థంతోసహా రాసిపెట్టుకోండి. యంత్రానికి ఇంకా తెలియని పది విషయాలు మీ చేతిలో ఉన్నట్లే.